నేలకు దిగిన సోఫా

1869వ సంవత్సరమున హైదరాబాదు ప్రభువగు అఫ్జలుద్దౌలా కాలధర్మము నొందగా, మూడేండ్లైనను నిండని శిశువు మహబూబ్ అలీఖాన్ గద్దె నెక్కిన సందర్భమున, దర్బారు మర్యాదలలో నొక మార్పు జరిగెను. అంతవఱకు నిజాము కొలువునకు వచ్చు ఆంగ్లేయ రెసిడెంటు పాదరక్షలు వెలుపల విడిచి, తక్కిన అమీరులవలెనే నేలపై పఱచిన పఱపుమీద కూర్చుండుట ఆచారము. అప్పటినుండి అతడు బూట్లతోడనే లోనికి వచ్చి కుర్చీపై నాసీనుడయ్యెను. చూచుట కిది యల్పవిషయము. కాని నేలకును కుర్చీకిని నడుమనున్న ఆ మూరెడెత్తులో నెవ్వ రేలువారు, ఎవ్వ రేలబడువారు అను నిర్ణయ మంతయు నిమిడియున్నదని ఆనాటివారు చక్కగా నెఱిగియుండిరి. ఆ పిమ్మట నొక నూఱేండ్లకు, 1970 ప్రాంతమున, ఇటలీ దేశపు మిలాను నగర పరిసరములలో ఆ ఐరోపా సంతతివారే కుర్చీ కాళ్ళు తొలగించి, కొయ్యచట్రమును పాఱవైచి, ఆసనమును నేలకు దించి, దానిపై కాళ్ళు చాచి జేరగిలబడుటయే నవనాగరికత యని చాటిరి. ఈ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన నుంచుకొని చూచినగాని, నేడు మన పట్టణములలోని దుకాణములయందు మాడ్యులర్ సోఫా యను పేర విక్రయింపబడుచున్న ఈ పొట్టి ఆసనముయొక్క చరిత్ర బోధపడదు.

మన దేశమున నేలపై కూర్చుండుట దారిద్ర్యలక్షణముగా నెన్నడును పరిగణింపబడలేదు. పదునేడవ శతాబ్దమున మచిలీపట్నము మొదలైన తూర్పుతీర ప్రాంతములందు కలముతోడను అద్దకముతోడను చిత్రింపబడిన విశాలమైన నూలుపఱపులు దక్కను సుల్తానుల మందిరములకును మొగలు కొలువులకును పోవుచుండెను. ఉన్నితివాచీ లుక్క పుట్టించు వేసవిలో వానిని చుట్టి మూల నుంచి, ఈ చల్లని నూలుపఱపులను వేయుట ప్రభువుల గృహములందు వాడుక. పఱపుమీద పరుపు, పరుపువెనుక బాలీసు, మోచేతిక్రింద చిన్నదిండు: ఇదియే ఆసనము. అతిథు లెక్కువైనచో నింకొక పరుపు చేరును, తక్కువైనచో నొకటి మడతపడును. పగలు కొలువు, రాత్రి పడక, పెండ్లినాడు విడిది. దీనికి చట్రము లేదు, నియతమైన ఆకృతి లేదు, ముందు వెనుకలు లేవు. ఖండఖండములుగా నుండి యజమాని యిచ్ఛానుసారము కూడుటయు విడిపోవుటయు మాడ్యులర్ లక్షణమైనచో, మన తాతముత్తాతల సావిడులం దుండిన దదియే గదా!

ఈ పరుపుల నాశ్రయించి జీవించిన వృత్తి యొకటి మన పల్లెలందును పట్టణములందును చిరకాలము వర్ధిల్లినది. నరముతో బిగించిన పెద్దవింటిని భుజమున వేసికొని, దానిని కొయ్యగూటముతో మీటుచు దూది నేకు దూదేకులవారు వీథిలోనికి వచ్చినప్పుడు, ఏండ్ల తరబడి శరీరభారము మోసి అట్టలుకట్టిన పరుపును విప్పి యిచ్చినచో, సాయంకాలమునకు దానిని తిరిగి పొంగిన పరుపుగా కుట్టి యిచ్చువారు. దూదిది పునర్జన్మ గల పదార్థము. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. ఫోమును గూర్చి చెప్పునప్పు డిది మరల ప్రస్తుతమగును.

పడమటివారు ఈ సుఖమును మొదట తురకల యిండ్లలో చూచిరి. 1717లో భర్తయగు ఆంగ్ల రాయబారి వెంట ఉస్మానీ సామ్రాజ్యమునకు పోయిన లేడీ మేరీ వర్ట్లీ మాంటేగ్యూ తన లేఖలలో అచ్చటి గదులను వర్ణించుచు, గదిలో నొకభాగము మెట్టంత యెత్తున లేచి తివాచీలతో కప్పబడియుండుటను, గోడల పొడవున మెత్తని ఆసనములును వానికానించిన దిండ్లును అమర్చియుండుటను మిక్కిలి మెచ్చుకొని, ఇక కుర్చీలను భరింపజాల ననునంతవఱకు పోయెను. ఆమె మరణించిన మఱుసటి యేట, 1763లో, ఆ లేఖలు అచ్చుపడినవి. 1836లో ఈజిప్టు దేశీయుల యాచారములను గూర్చి బృహద్గ్రంథము ప్రకటించిన ఎడ్వర్డ్ లేన్, కైరో గృహములందలి దివానును కొలిచినట్లుగా వ్రాసెను: పరుపు వెడల్పు మూడడుగులు, దళసరి మూడు నాలుగంగుళములు. ఇంతకంటె పొట్టి సోఫాను నేటి దుకాణదారు డెవ్వడు చూపగలడు?

అయితే ఐరోపావారు దివానును తమ యిండ్లకు కొనిపోయిరేగాని దానిని నేలపై నుండనీయలేదు. పదునెనిమిదవ శతాబ్దమున పారిసు వడ్రంగులు దానికి చెక్కడపుపనితో కూడిన కాళ్ళు తగిలించి, తూర్పుదేశపు పేర్లు పెట్టి, ధనికుల మందిరములందు నిలిపిరి. కారణము ఆభిజాత్యము మాత్రమే కాదు. బిగుతైన వస్త్రములు ధరించినవారు నేలపై కూర్చుండుటయు లేచుటయు కష్టసాధ్యము. ఆపైని పందొమ్మిదవ శతాబ్దమున ఉక్కు స్ప్రింగులు వచ్చి ఆ యెత్తును మఱింత స్థిరపఱచెను. ఏలయన, అల్లిన పట్టీలపై స్ప్రింగులు నిలిపి, తాళ్ళతో బిగించి, వానిపై గుఱ్ఱపు వెండ్రుకలు దట్టించి, గుడ్డ కప్పుటకు లోతైన కొయ్యచట్రము కావలయును. ఆసనమును నేలకు దింపదలచినచో ముందుగా స్ప్రింగును తొలగింపవలయును. స్ప్రింగును తొలగింపవలయునన్న దాని పని చేయు వేఱొక వస్తువు పుట్టవలయును. ఆ వస్తువు రసాయనశాలలో పుట్టెను.

1937లో జర్మనీయందలి లెవర్‌కూసెన్ పట్టణమున ఒట్టో బేయర్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును పాలీయురిథేనును కనుగొనిరి. దానినుండి తీసిన మెత్తని ఫోము 1950 తరువాత విపణివీథికి వచ్చెను. ఈలోగా ఇటలీలో పిరెల్లీ సంస్థ రబ్బరు ఫోమును గృహోపకరణములందు వాడజూచి, ఆ ప్రయత్నమునకు అర్‌ఫ్లెక్స్ అను సంస్థను నెలకొల్పగా, దానికై మార్కో జనూసో రూపొందించిన లేడీ యను కుర్చీ 1951 నాటి మిలాను ప్రదర్శనమున స్వర్ణపతకము పొందినది. అమెరికాలో హార్వే ప్రాబర్ 1940 దశకముననే, వలసిన రీతిగా చేర్చుకొనదగిన సోఫాఖండములను నిర్మించెను. కాని ఇవన్నియు కాళ్ళ మీద నిలిచినవే.

కాళ్ళు తీసివేసిన సాహసము 1966 మొదలు ఇటలీలో నొక యారేడేండ్లలో జరిగిపోయినది. చిలీదేశీయుడగు చిత్రకారుడు రోబెర్తో మాత్తా ఆ యేడు ఒకే ఫోముదిమ్మను అయిదు వంకరముక్కలుగా కోసి మలీత్ అను ఆసనసముదాయమును సిద్ధముచేసెను. కూర్చుండునప్పుడు ముక్కలు గదియందు వ్యాపించును, అక్కఱ తీరినపిదప నొకదానిపై నొకటి యిమిడి చతురస్రమైన గోడవలె నిలుచును. మఱుసటి యేట ఫ్లోరెన్సు నగరపు యువవాస్తుశిల్పుల కూటమియగు ఆర్కిజూమ్ మఱొక దిమ్మను అలవలె మెలికగా రెండు ఖండములు చేసి సూపరోండా యని పేరిడెను. దానిలో చట్రము లేదు, మేకు లేదు; కూర్చుండుటయో, పరుండుటయో, నిలువబెట్టి అడ్డుగోడగా వాడుకొనుటయో యజమాని యిష్టము. తల్లిదండ్రుల కాలపు ముందుగది మర్యాదలను ధిక్కరింపదలచిన తరము అది. కుర్చీలో నిటారుగా కూర్చుండుట వారికి విధేయతా చిహ్నముగా తోచెను. హైదరాబాదు రెసిడెంటునకు కుర్చీ ఏ గౌరవము నిచ్చెనో, ఆ గౌరవమునే వీరు వలదనుకొనిరి.

తిరుగుబాటును వ్యాపారముగా మార్చుటకు వేఱొక ప్రజ్ఞ కావలయును. మిలానునకు ఉత్తరమున నున్న బ్రియాంత్సా ప్రాంతము గృహోపకరణములు చేయు కుటుంబములకు నెలవు. అచ్చట 1966లో పియెరో అంబ్రోజియో బుజ్‌నెల్లి, చేసారె కస్సీనాతో కలిసి నెలకొల్పిన సంస్థ, ఫోమును దిమ్మలనుండి కోయుటకు మాఱుగా అచ్చులలో పోసి సోఫాలు తీయు పద్ధతిని పారిశ్రామికముగా సాధించెను. కస్సీనా తొలగిన తరువాత, 1973లో, దానికే బీ అండ్ బీ ఇటాలియా యను పేరు వచ్చినది. గయెతానో పేషే 1969లో ఈ సంస్థకే చేసిన కుర్చీలు గాలి తీసిన సంచులలో బల్లపరుపుగా అణగియుండి, ఇంటికి తెచ్చి సంచి విప్పగానే తమంత తాము పొంగి ఆకారము దాల్చెడివి.

ఆ మఱుసటి సంవత్సరమున, 1970లో, మారియో బెల్లీని నిర్మించిన కమలియోండా ఈ చరిత్రకు మధ్యమణి యని నా యభిప్రాయము. తొంబది సెంటీమీటర్ల చదరపు ఆసనము. దానికి వలసినచోట వీపును, వలసినచోట చేయానికను తగిలించుటకు తీగలు, కొక్కెములు, వలయములు. సాధారణముగా సోఫా నిర్మాత దాచిపెట్టు బిగింపులను బెల్లీని గృహస్థుని చేతి కందునట్లుంచెను. అందుచే గృహస్థుడు పనివాని పిలువకయే, ఈ పూట ఎదురెదురుగాను ఆ పూట మూలగాను కూర్చుకొనగలిగెను. గుండీలు బిగించుటచే గుమ్మటములవలె నుబికిన దాని పైభాగము చూడ విలాసముగా నున్నను, దానిలోని యసలు బుద్ధి ఆ కొక్కెములలోనే కలదు. 1971లో చీనీ బోయెరి యను విదుషి అర్‌ఫ్లెక్స్ సంస్థకై చేసిన సెర్పెంతోనె యను సర్పాకార సోఫాను, గుడ్డ నమ్మినట్లు, మీటర్ల లెక్కన అమ్మజూపిరి. 1972లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల, ఎమీలియో అంబాస్ పర్యవేక్షణమున, ఇటలీ గృహోపకరణములకు ప్రత్యేకముగా నొక పెద్దప్రదర్శనము ఏర్పఱుపగా, కమలియోండాకు అందు స్థానము లభించినది.

ఫ్రాన్సులో ఈ ధోరణి మఱియొక రుచితో వెలసెను. 1971లో హాన్స్ హోఫర్ రోష్ బోబువా సంస్థకు చేసిన మాజోంగ్, తూర్పు దివానునకు తన ఋణమును దాచుకొనదు: చదరపు పరుపు, తిన్నని వీపు, మూలవీపు అను మూడే యంగములు, పరుపుపై పరుపు పేర్చినచో వలసినంత యెత్తు, అన్నియు నేలమీదనే. మన సావిడి పరుపులకు దీనికంటె సన్నిహితమైన బంధువు పడమట లేదు. 1973లో మిషెల్ డ్యూకరువా లీన్ రోజే సంస్థకు టోగోను సమకూర్చెను. 1860లో ఆంట్వాన్ రోజే యనునతడు చేతికఱ్ఱలును గొడుగు కామలును చేయుటకు స్థాపించిన చిన్న కార్ఖానా ఇప్పటి కట్లు పరిణమించినది. నడుమ వంగి తనపైకి ముడుచుకొన్న టూత్‌పేస్టు గొట్టమును చూచి ఆ యాకృతి తనకు తోచినదని డ్యూకరువాయే చెప్పెను. లోపల కొయ్య లేదు, ఇనుము లేదు. వేఱువేఱు సాంద్రతలు గల ఫోము మాత్రమే. పైని ముడుతలు ముడుతలుగా దళసరి గుడ్డ. ఆసనపు టెత్తు ముప్పది యెనిమిది సెంటీమీటర్లు. దీనిని చూచి తొలుత మొగము చిట్లించినవారు లేకపోలేదు. అది నేటికిని తయారగుచునే యున్నది.

టోగో వెలసిన 1973లోనే చమురు సంక్షోభము వచ్చిపడినది. ఫోము పెట్రోలియమునుండి పుట్టినది కావున, చౌకదనమునే నమ్ముకొన్న ఈ యాసనముల భవిష్యత్తు సందేహాస్పదమయ్యెను. ఆ దశకము ముగియకమునుపే కమలియోండా నిర్మాణము నిలిచిపోయెను. అంతకంటె ఘోరమైన దోష మొకటి యగ్నిముఖమున బయటపడినది. 1979 మే నెలలో మాంచెస్టరు నగరమున నొక పెద్ద దుకాణమందు ఫోముసోఫాలు అంటుకొని, వానినుండి వెడలిన దట్టమైన విషధూమముచే పదిమంది ప్రాణములు కోల్పోయిరి. తుదకు 1988లో బ్రిటిషు ప్రభుత్వము గృహోపకరణముల ఫోమునకు కఠినమైన అగ్నిరక్షణ నిబంధనలను విధించెను. నిలిచిపోయిన కమలియోండా మాత్రము 2020లో మరల తయారగుట మొదలయ్యెను.

ఇక కొనదలచినవారికి, ఈ చరిత్రనుండి తేలు సంగతులు కొన్ని చెప్పెదను. ఫోమునకు దూదివలె పునర్జన్మ లేదు. అది యొకసారి కుంగినచో ఏకి పొంగించు శిల్పి లోకమున లేడు, మార్చుటయే గతి. కావున దుకాణదారుని గుడ్డ రంగు నడుగుటకు ముందు ఫోము సాంద్రత ఘనమీటరునకెన్ని కిలోగ్రాములో యడుగవలయును. కూర్చుండగనే తోచు మెత్తదనము వేఱు, పదేండ్లు నిలుచు సత్తువ వేఱు, మొదటిదానిని చూచి రెండవదానిని ఊహింపరాదు. ఖండములను కలుపు కొక్కెములు గట్టివైనవా కావా యని పరీక్షింపవలయును; నున్నని టైల్సు పఱచిన మన యిండ్లలో కొక్కెము లేని ఖండములు కూర్చున్నవాని బరువునకు ఒకదానినుండి యొకటి జారిపోవును. నేల కడుగు అలవాటు గల గృహములందు అడుగుభాగము పూర్తిగా నేల నంటియుండుట తగదు. రెండంగుళముల చాటుకాళ్ళు ఉన్నవి మేలు. తొడుగులు విప్పి ఉతుకదగినవి కానిచో, మన దుమ్ములో దాని యందము రెండేండ్ల ముచ్చట. ఇరుకు మెట్లు, చిన్న లిఫ్టులు గల అపార్టుమెంటులలో అద్దెకుండి తఱచుగా ఇండ్లు మాఱువారికి ఖండములుగా విడిపోవు సోఫా వరమే. స్థిరముగా నొకచోట నుండి, ఒకే గోడకు ఒకే తీరున ఆనించి యుంచదలచినవారికి ఆ కొక్కెములకై పెట్టిన డబ్బు వృథా.

అన్నిటికంటె ముఖ్యమైనది ఎత్తు. సామాన్యమైన కుర్చీ నలుబదియైదు సెంటీమీటర్ల యెత్తుండగా, ఈ సోఫాలు ముప్పదియెనిమిదింటను, అంతకు తక్కువను ఉండి లోతెక్కువగుటచే, కూర్చుండుట సులభము, లేచుట దుర్లభము. ఇరువదియేండ్లవాడు దుకాణమున జేరగిలబడి, ఆహా యని కొనివేయును. ఇంట మోకాళ్ళనొప్పులతో నున్న నాయనమ్మగారు దానిపై కూర్చుండి, ఎవ్వరైన చేయి యందించువఱకు లేవలేక, కడకు వంటయింటిలోని ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకొనును. కావున అయ్యా, అమ్మా, సొమ్ము చెల్లించుటకు ముందు ఇంటిలోని పెద్దవారిని దుకాణమునకు తోడ్కొనిపోయి, దానిపై కూర్చుండబెట్టి, చేయి యందింపక లేవమని చూడుడు. వారు లేవలేకపోయినచో మఱొకదానిని చూపుమనుడు.