రక్షణ అంటే ఏంటి? బ్యాంకాక్, లోసాన్, మన ఒంగోలు

ఈ ఎపిసోడ్‌లో ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం: రక్షణ. సాఫ్ట్‌వేర్‌లో రిక్వైర్‌మెంట్ మారితే ప్రాజెక్టు మొత్తం మారిపోతుంది. ఇక్కడా అంతే. రక్షణ అంటే పాపక్షమాపణ, నిత్యజీవం మాత్రమే అనుకుంటే, మిషన్ పని సువార్త చెప్పడం. ఆకలి నుంచి, అణచివేత నుంచి విడుదల కూడా రక్షణే అనుకుంటే, కూలి కోసం చేసే పోరాటం కూడా మిషనే అవుతుంది.

1972 డిసెంబరు చివర్లో బ్యాంకాక్‌లో ప్రపంచ చర్చిల మండలి తరఫున ఒక సదస్సు మొదలైంది. విషయం: ఈనాటి రక్షణ. దోపిడీ ఉన్నచోట ఆర్థిక న్యాయం, అణచివేత ఉన్నచోట మనిషికి గౌరవం, దూరం ఉన్నచోట ఐక్యత, నిరాశ ఉన్నచోట ఆశ, ఇవన్నీ రక్షణలో భాగమే అన్నారు. అప్పట్లో ఆ మండలి కేంద్ర కమిటీకి అధ్యక్షుడు మన కేరళకి చెందిన ఎం.ఎం. థామస్. మనిషి మనిషిగా బతకడానికీ రక్షణకీ ఉన్న సంబంధం గురించి ఆయన 1971లోనే పుస్తకం రాశారు.

చాలామంది ఇవాంజెలికల్స్‌కి ఇది నచ్చలేదు. 1974 జులైలో స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో 2,000 మందికి పైగా సమావేశమయ్యారు. అక్కడ లాటిన్ అమెరికా నుంచి వచ్చిన రెనే పడియా, శామ్యూల్ ఎస్కోబార్ లాంటివాళ్ళు, అన్యాయం గురించి మాట్లాడని సువార్త సగం సువార్తే అని వాదించారు. జాన్ స్టాట్ ఆధ్వర్యంలో తయారైన ఒడంబడికలో చివరికి ఏం రాశారంటే: రాజకీయ విముక్తి రక్షణ కాదు, కానీ సువార్త, సమాజసేవ రెండూ క్రైస్తవుడి బాధ్యతే. మొదటి స్థానం మాత్రం సువార్తదే.

ఇదంతా ఎక్కడో విదేశాల్లో జరిగిన చర్చ అనుకోకండి. దాదాపు వందేళ్ళ ముందే ఈ ప్రశ్న మన ఒంగోలుకి వచ్చింది.

1876-78 నాటి మహాకరువులో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయనకి సర్వే పని ముందే తెలుసు. తవ్వినవాళ్ళలో చాలామంది మాదిగలు. కూలి దొరికింది, ప్రాణాలు నిలిచాయి. కానీ ఆ రోజుల్లో ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

గమనించండి. క్లౌ కూలిని రక్షణ అనలేదు. అలాగని అది నా పని కాదనీ అనలేదు. లోసాన్ కాగితం మీద పెట్టిన తేడా ఆ కాలువ గట్టు మీద అప్పటికే ఉంది.

కానీ తట్ట మోసిన మనిషి వైపు నుంచి చూస్తే? అంటరానివాడని ఊరు దూరం పెట్టిన మనిషికి, "దేవుడు నిన్ను కూడా పిలుస్తున్నాడు" అన్న మాట పరలోకం గురించా, ఈ లోకంలో తన గౌరవం గురించా? నా ఉద్దేశంలో ఆ రెండూ ఆయనకి వేరు కావు. రక్షణకి అర్థం రాసినవాళ్ళు సదస్సుల్లో కూర్చున్నారు. ఆ అర్థం సరిపోతుందో లేదో చెప్పాల్సింది మాత్రం తట్ట మోసినవాళ్ళే.

మీరేమంటారో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.