కోరాపుట్, రాయగడ జిల్లాల్లో కోర్టు బయటి తగవుల పరిష్కారం

ఒడిశా దక్షిణ కొండల్లోని ఈ రెండు జిల్లాల్లో పెద్దమనుషుల పంచాయితీ కోర్టుల కంటే చాలా పాతది. కోంధు, సవర, గదబ, పరజ పల్లెల్లో ఊరి నాయకుడు, పూజారి, కులపెద్దలు కూర్చుని ఇరుపక్షాల మాటా వినడం ఆనవాయితీ. గదబ ఊళ్లలో ఇందుకు రాతిపలకలు పేర్చిన ‘సొదర్’ అనే అరుగు ఉంటుంది. పొలం గట్టు, అప్పు, ఓలి, విడాకులు, లేచిపోయి చేసుకున్న పెళ్లి లాంటివి అక్కడికి వస్తాయి. తప్పు కట్టించి, ఊరికి భోజనం పెట్టించడంతో చాలావరకు తగవు తెగుతుంది. రేపు ఒకే చెరువులో నీళ్లు ముంచుకోవలసిన మనుషులు గనుక, ఎవరు గెలిచారన్నదాని కంటే మళ్లీ కలవడమే అక్కడ ముఖ్యం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో, జయపురం జమీందారీలో ఉండేది. పర్లాకిమిడి తిరుగుబాట్ల తర్వాత 1839లో చేసిన చట్టం ఈ కొండ ప్రాంతాన్ని, అంటే ఏజెన్సీని, మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, సివిల్, క్రిమినల్ అధికారాలు గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకు ఇచ్చింది. జయపురంలో అసిస్టెంటు ఏజెంటు, పోలీసులు అడుగుపెట్టింది 1863లో. మరుసటి ఏడే గుణుపురం వైపు పొట్టసింగి పోలీసులు ఒక సవర పెద్దను అక్రమంగా అరెస్టు చేశారు. సవరలు ఆయన్ని విడిపించుకుని, ఇన్‌స్పెక్టరునూ నలుగురు కానిస్టేబుళ్లనూ చంపి, ఠాణా తగలబెట్టారు. చివరికి ఐదుగురిని ఉరితీశారు, తొమ్మిది మందికి ద్వీపాంతరం విధించారు. ఊరికి పెద్దగా నిలిచే మనిషినే పట్టుకుపోతే ఏమవుతుందో కొత్త పాలకులు ఆలోచించలేదు.

రాయగడ 1992 అక్టోబరు 2న వేరు జిల్లా అయింది. రెండు జిల్లాలూ పూర్తిగా రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ప్రాంతాలే. షెడ్యూలు ప్రాంతాల పంచాయితీల కోసం 1996లో చేసిన పెసా చట్టం ఆచారం ప్రకారం తగవులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంపై నియమగిరి కొండల్లో బాక్సైటు తవ్వాలా వద్దా అని 12 గ్రామసభలు జరిగాయి. వాటిలో ఏడు రాయగడ జిల్లావి. అన్నీ తవ్వకాన్ని తిరస్కరించాయి. అది రాజీ వ్యవహారం కాదు గానీ, ఊరు కూర్చుని చెప్పిన మాటకు ఎంత బలం ఉంటుందో దేశానికి తెలిసింది.

1995 నవంబరు 9న అమల్లోకి వచ్చిన న్యాయసేవల చట్టంతో లోక్ అదాలత్‌లకు చట్టబద్ధత దక్కింది. అక్కడి రాజీ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు, కోర్టులో కట్టిన ఫీజు తిరిగి ఇస్తారు.

అయితే అన్నిటికీ రాజీ పనికిరాదు. ఆదివాసీ భూమిని గిరిజనేతరులకు బదలాయించడాన్ని 1956 రెగ్యులేషన్‌కు 2002లో వచ్చిన సవరణ నిషేధించింది. పంచాయితీలో ఇద్దరూ ఒప్పుకున్నా ఆ బదిలీ చెల్లదు. మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడం 2013 ఒడిశా చట్టం ప్రకారం నేరం, దాన్ని తప్పు కట్టించి మాఫీ చేయడం అన్యాయం. స్త్రీల మాట సరిగా వినని పంచాయితీ తీర్పుకు తలొగ్గవలసిన పనీ లేదు. అలాంటి తీర్పు ఎదురైనవారు జిల్లా న్యాయసేవా సంస్థకు వెళ్లవచ్చు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు.