తెగినా ఆగే బండి

పోయిన ఆదివారం సమావేశంలో మన పెద్దాయన ఒకరు అమెరికాలో ఉన్న మనవడి సంగతి చెప్పారు. ఆ అబ్బాయి పడవ కొన్నాడట. కారు వెనక ట్రైలర్ తగిలించి, దాని మీద పడవ పెట్టుకుని సముద్రానికి పోతాడట. ఈసారి తిరుగుదారిలో ట్రైలర్ బ్రేకు పట్టుకుని వదల్లేదట, చక్రంలోంచి పొగ వచ్చిందట. "మీరు రైల్వేలో చేశారు కదా, బ్రేకుల గురించి నాలుగు మాటలు రాయండి" అన్నారు. మేము గుమాస్తాలం. బ్రేకులు విప్పినవాళ్ళం కాదు, వాటి కాగితాలు రాసినవాళ్ళం. అయినా పెరంబూరులో ఇన్నేళ్ళు ఉన్నందుకు విన్నది, చూసినది కొంత ఉంది. తమిళ మీడియంలో చదివాం కాబట్టి తెలుగులో తప్పులుంటే మన్నించండి.

దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న మన రాయపురం నుంచే వాలాజా రోడ్డుకు బయలుదేరింది. ఆ కాలంలో రైళ్ళకు ఎక్కువగా చేతి బ్రేకులే. డ్రైవరు ఈల వేస్తే వెనక వ్యానులో గార్డు చక్రం తిప్పి బిగించాలి. బండి పొడుగయ్యేకొద్దీ ఇది చాలలేదు. తర్వాత ఇంజను నుంచి చివరి పెట్టె దాకా గొట్టం వేసి, అందులో గాలిని లాగేసి బ్రేకు పట్టించే పద్ధతి వచ్చింది. బాగానే ఉంది కానీ గొట్టం తెగితే బ్రేకే లేదు.

ఆ లోపం ఎంత పెద్దదో 1889 జూన్ 12న ఐర్లండులో అర్మా దగ్గర తెలిసింది. పిల్లలతో విహారయాత్రకు పోతున్న బండి ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. కొన్ని పెట్టెలు ముందు తీసుకుపోదామని బండిని రెండుగా విడదీశారు. గొట్టం విడిపోగానే వెనక పెట్టెలకు వ్యానులోని చేతి బ్రేకు తప్ప దిక్కు లేకపోయింది. చక్రాల కింద రాళ్ళు పెట్టినా నిలవలేదు. పెట్టెలు వెనక్కు దొర్లి, వెనక వస్తున్న బండిని గుద్దుకున్నాయి. 80 మంది పోయారు, వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. అదే ఏడు బ్రిటన్‌లో చట్టం వచ్చింది: ప్రయాణికుల బండికి చివరిదాకా బ్రేకు ఉండాలి, గొట్టం తెగితే అది తనంతట తానే పట్టాలి.

మన రైళ్ళలో ఎన్నో ఏళ్ళు నడిచిన వ్యాక్యూమ్ బ్రేకు ఈ తిరగేసిన పద్ధతే. గొట్టంలో గాలి లేనంతసేపు బ్రేకు వదిలి ఉంటుంది. గాలి చొరబడిందా, పడుతుంది. మీరు గొలుసు లాగితే బండి ఆగేది ఇందుకే. 1980ల తర్వాత మెల్లగా ఎయిర్ బ్రేకు వచ్చింది. అందులో గొట్టంలో 5 కిలోల ఒత్తిడి నింపి ఉంచుతారు, అది తగ్గితే బ్రేకు పడుతుంది. పద్ధతి మారినా సూత్రం ఒకటే: ఏదైనా చెడితే బండి ఆగాలి, పరుగెత్తకూడదు.

మేము చేరిన కొత్తలో ఒకటి జరిగింది. వ్యాక్యూమ్ సిలిండరులో పిస్టనుకు రబ్బరు రింగు ఉంటుంది. అది ముదిరితే గాలి పక్కనుంచి కారి, పట్టిన బ్రేకు సడలిపోతుంది. ఆ రింగుల ఇండెంటు మా బల్ల మీదికి వచ్చింది. ఒక సంతకం లేదని పక్కన పెట్టాం. వారం పోయాక ఒక ముసలి ఫిట్టరు వచ్చి నిలబడ్డాడు. "తమ్ముడూ, సంతకం లేదని నువ్వు కాగితం ఆపినావు. పాత రింగు వేసి పంపితే బండిని ఎవరు ఆపేది?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఆ సాయంత్రమే మేము ఫైలు చేత్తో పట్టుకుపోయి సంతకం పెట్టించుకొచ్చాం. బండి బయలుదేరేముందు డ్రైవరు, గార్డు చూసి సంతకం పెట్టే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఎందుకో మాకు ఆ రోజే అర్థమైంది. అంతవరకు మాకు అది ఒక ఫారమే.

ఇక ఆ మనవడికి. అలాంటి ట్రైలర్లు చాలావాటిలో కారు నెమ్మదించినప్పుడు ట్రైలర్ ముందుకు తోసుకొచ్చే బలమే ఆయిలు ద్వారా బ్రేకు పట్టిస్తుంది. కొక్కెం ఊడితే బ్రేకు లాగే కేబుల్ కూడా ఉంటుంది. అది మన గొలుసుకు తమ్ముడు. దాన్ని కారుకు తగిలించకుండా కదలవద్దు. బ్రేకు వదలకపోవడానికి చాలాసార్లు కారణం ఉప్పునీళ్ళు. లోపల తుప్పు పట్టి సిలిండరు, షూలు బిగుసుకుంటాయి. దూరం నుంచి వచ్చి వేడి మీద ఉన్న చక్రాలను వెంటనే నీళ్ళలో దించవద్దు, చల్లారనివ్వాలి. పైకి తీసిన ప్రతిసారీ మంచినీళ్ళతో లోపలిదాకా కడగాలి. జాకీ మీద లేపి ఒక్కొక్క చక్రం చేత్తో తిప్పాలి, సులువుగా తిరగాలి. బిగిసిన సిలిండరును కొట్టి సాగదీయవద్దు, మార్చాలి. మార్చాక గొట్టంలోని గాలి తీసేయాలి. బ్రేకు ఆయిలు తేమను పీల్చుకుంటుంది, దాన్నీ గడువుకు మార్చాలి. చేసిన ప్రతి పనీ తేదీ వేసి ఒక నోటు పుస్తకంలో రాసుకోమనండి. గుమాస్తా సలహా అని నవ్వుకున్నా సరే.

పెరంబూరు, అయనావరం, విల్లివాక్కం వైపు మన వాళ్ళలో షాపుల్లో చేసినవారు ఎందరో ఉన్నారు. వారి చేతి పని మాకంటే వారికే బాగా తెలుసు. మేము రాసినదాంట్లో తప్పుంటే వారు దిద్దాలి, వారి ఇళ్ళలోని పిల్లలు అడిగి రాయాలి అని కోరుతున్నాం.