వాడిన సాంకేతికత: చేతి ఆటయంత్రాల మన్నిక కథ

న్యూయార్క్‌లోని రాకఫెల్లర్ సెంటర్ దగ్గర ఉన్న నింటెండో దుకాణంలో చాలా ఏళ్ళ పాటు ఒక కాలిన గేమ్‌బాయ్ ప్రదర్శనలో ఉండేది. గల్ఫ్ యుద్ధకాలంలో బాంబుదాడికి గురైన సైనికుల బసలో చిక్కుకున్న యంత్రం అది. దాని ముందుభాగపు ప్లాస్టిక్ కరిగి, ముడతలు పడి, నల్లబడింది. అయినా తెర మీద టెట్రిస్ నడుస్తూనే ఉండేది. చేతిలో ఇమిడే ఆటయంత్రాల మన్నిక గురించి ఎక్కడ మాట వచ్చినా ఈ ఉదాహరణ చెప్పడం ఆనవాయితీ అయింది.

ఉదాహరణ గొప్పదే కాని, అది ఋజువు చేసేది సగం సంగతే. దెబ్బకు ఆగడం వేరు, ఏళ్ళకు ఆగడం వేరు. మొదటిది పెట్టె గట్టిదనానికి సంబంధించినది. రెండవది, పెట్టె లోపల ఏ భాగం ముందుగా అలసిపోతుంది, అలసిన ఆ భాగాన్ని మార్చడం ఎవరికి సాధ్యం అన్న ప్రశ్నలకు సంబంధించినది. 1980 నుంచి నేటి దాకా ఈ యంత్రాల చరిత్రను ఈ రెండవ అర్థంలో చదివితే, మన్నిక ప్లాస్టిక్ మందం కన్నా తయారీదారు ముందుగా తీసుకున్న నిర్ణయాల మీదే ఎక్కువగా ఆధారపడిందని తెలుస్తుంది.

పాతచింతకాయ పచ్చడి

ఈ చరిత్రకు మూలపురుషుడు గున్‌పెయ్ యొకోయ్ (1941–1997). క్యోటోకు చెందిన ఆయన దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి 1965లో నింటెండోలో చేరారు. అప్పటికి అది ప్రధానంగా హనఫుద అనే జపనీయుల పేకముక్కలను తయారుచేసే సంస్థ. ఆ ముక్కలను తయారుచేసే యంత్రాల నిర్వహణ ఆయన ఉద్యోగం. ఆటబొమ్మల రూపకర్తగా పేరు పొందకముందు ఆయన యంత్రాలు ఆగిపోకుండా చూసే మనిషి అన్న సంగతి గుర్తుంచుకోదగినది.

బులెట్ రైలులో ఒక ఉద్యోగి కాలక్షేపానికి క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం చూసి యొకోయ్‌కు ‘గేమ్ అండ్ వాచ్’ ఆలోచన తట్టిందని చెబుతారు. 1980 ఏప్రిల్‌లో ఆ వరసలో మొదటి ఆట ‘బాల్’ వెలువడింది. 1970లలో జపాన్ సంస్థల మధ్య సాగిన క్యాలిక్యులేటర్ల ధరల పోటీ వల్ల ద్రవస్ఫటికపు తెరలు, వాటిని నడిపే చిప్పులు అప్పటికి బాగా చవకయ్యాయి. వాటి గుణదోషాలన్నీ తెలిసిపోయాయి. ఇంజనీర్ల దృష్టిలో అదంతా పాతచింతకాయ పచ్చడి. ఆ పచ్చడినే కొత్త విస్తట్లో వడ్డించడం యొకోయ్ పద్ధతి.

ఈ పద్ధతికి ఆయన పెట్టుకున్న జపనీయ నామానికి స్థూలంగా ‘వాడిన సాంకేతికతను పక్కదారిలో ఆలోచించడం’ అని అర్థం. ఇక్కడ ‘వాడిన’ అన్న తెలుగు మాటకున్న రెండర్థాలూ పనికివస్తాయి. పూవు వాడినట్టు తాజాదనం పోయినదీ అదే, పదిమంది చేతుల్లో వాడకమై నలిగినదీ అదే. నలిగిన వస్తువుకు ధర తక్కువ. అంతకుమించి, అది ఎక్కడ చెడుతుందో ముందే తెలిసి ఉంటుంది. యొకోయ్ ప్రధానంగా ఆలోచించింది ధర గురించీ ఆట గురించీ. మన్నిక ఆ ఆలోచనకు దక్కిన ఉపఫలం.

రంగుల తెరలు, కారిన కెపాసిటర్లు

1989 ఏప్రిల్ 21న జపాన్‌లో గేమ్‌బాయ్ విడుదలైంది. ధర 12,500 యెన్‌లు. తెర 160 నిలువు వరుసలు, 144 అడ్డు వరుసల చుక్కలతో, ఆకుపచ్చ ఛాయలో నాలుగు అంతరాలు మాత్రమే చూపేది. తెర వెనక దీపం లేదు. దీపం కింద కూర్చుంటేనో కిటికీ పక్కన కూర్చుంటేనో బొమ్మ కనిపించేది. నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచేది.

అదే ఏడాది అమెరికాలో అటారి సంస్థ ‘లింక్స్’ను తెచ్చింది, 1990లో సెగా ‘గేమ్ గేర్’ను తెచ్చింది. రెండిటికీ రంగుల తెర, వెనక దీపం ఉన్నాయి. కాగితం మీద పోల్చి చూస్తే గేమ్‌బాయ్ వాటి ముందు వెలవెలబోతుంది. కాని ఆరు పెన్సిల్ బ్యాటరీలు వేసినా అవి నాలుగైదు గంటలకు మించి నడిచేవి కావు. గేమ్ గేర్ సుమారు కోటి పైచిలుకు అమ్ముడుపోగా, గేమ్‌బాయ్, దాని రంగుల రూపం గేమ్‌బాయ్ కలర్ కలిపి 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

ఈ అంకెలు అందరికీ తెలిసినవే. అంతగా ప్రచారంలోకి రాని కథ తరువాతి ముప్పై ఏళ్ళది. గేమ్ గేర్‌లో ఫ్లోరసెంట్ దీపానికీ రంగుల తెరకూ కావలసిన విద్యుత్తును చిన్న పెట్టెలో సర్దడానికి, బోర్డు ఉపరితలానికి అతికించే చిన్నసైజు ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లను విరివిగా వాడారు. వీటి లోపల ద్రవం ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ వాటి మూతలు సడలి ఆ ద్రవం బయటికి కారుతుంది. బోర్డు మీది రాగిగీతలను తినేస్తుంది. ముందు శబ్దం సన్నగిల్లుతుంది, తరువాత తెర మసకబారుతుంది, చివరికి యంత్రం మేలుకోదు. ఒక్కసారి కూడా కిందపడని, అట్టపెట్టెలో పదిలంగా దాచిన గేమ్ గేర్‌కూ ఇదే గతి. నేడు నడుస్తున్న గేమ్ గేర్‌లలో చాలావాటికి ఎవరో ఒకరు కూర్చుని పాత కెపాసిటర్లను ఊడదీసి కొత్తవి అతికి ఉంటారు.

తెలుగు పట్టణాలతో సహా భారతదేశపు బజార్లలో 1990లలో ఎక్కువగా కనిపించినవి గేమ్‌బాయ్‌లు కావు, చైనా నుంచి వచ్చిన ‘బ్రిక్ గేమ్’లు. పెట్టె మీద 9999 ఆటలని రాసి ఉన్నా, లోపల ఉండేవి ఇటుకలు పేర్చే ఆటా మరికొన్నీ. వాటి తెర కూడా క్యాలిక్యులేటర్ కోవదే, అందువల్ల బ్యాటరీలు చాలాకాలం వచ్చేవి. అయితే వాటి చిప్పును బోర్డు మీదే పెట్టి పైన నల్లటి జిగురుబొట్టుతో కప్పేసేవారు. మీటల కింది రబ్బరును తుడవవచ్చు, తెగిన తీగను అతకవచ్చు. ఆ నల్లబొట్టు కింద ఏదైనా చెడితే మాత్రం చేయగలిగింది లేదు. వాడిన సాంకేతికత ఒక్కటే మన్నికను ఇవ్వదు, లోపలికి దారి కూడా ఉండాలి అనడానికి ఈ బొమ్మే సాక్ష్యం.

గేమ్‌బాయ్ ముసలితనం

గేమ్‌బాయ్ కూడా చిరంజీవి కాదు. దాని ముసలితనానికి గుర్తించదగిన లక్షణాలు ఉన్నాయి. మొదటిది, లోపలే మరిచిపోయిన ఆల్కలైన్ బ్యాటరీలు కారి లోహపు రేకులకు తుప్పు పట్టించడం. దీనికి వెనిగర్ అద్దిన దూది చాలు. మరీ ముదిరితే రేకు మార్చాలి. రెండవది, తెర మీద నిలువుగీతలు మాయం కావడం. తెరనూ బోర్డునూ కలిపే పట్టీని వేడితో అతికించి ఉంటారు. ఆ అతుకు ఏళ్ళ తరబడి సడలుతుంది. సోల్డరింగ్ ఇనుముతో ఆ అంచును సుతారంగా కాచితే చాలాసార్లు గీతలు తిరిగి వస్తాయి.

మూడవది యంత్రానికి కాక ఆటకు వచ్చే జబ్బు. ఆటలో ఎంతవరకు వచ్చామో గుర్తుంచుకునే జ్ఞాపకశక్తి ఆ కాలపు చాలా కార్ట్రిడ్జిలలో నాణెమంత లిథియం బ్యాటరీ మీద ఆధారపడి ఉండేది. బ్యాటరీ అయిపోతే ఆట మళ్ళీ మొదలు పెట్టవచ్చు గాని, పాత జ్ఞాపకం పోతుంది. 1999లో వచ్చిన పోకెమాన్ ‘గోల్డ్’, ‘సిల్వర్’ కార్ట్రిడ్జిలలో ఆ చిన్న బ్యాటరీయే గడియారాన్ని కూడా నడపాలి. అందువల్ల 1996 నాటి పాత పోకెమాన్ కార్ట్రిడ్జిల కన్నా అవే ముందుగా జ్ఞాపకం కోల్పోయాయి. 2002 నాటి ‘రూబీ’, ‘సఫైర్’ వచ్చేసరికి జ్ఞాపకాన్ని బ్యాటరీ అక్కరలేని ఫ్లాష్ మెమరీలోకి మార్చి, గడియారాన్ని మాత్రం బ్యాటరీకి వదిలారు. వాటిలో బ్యాటరీ అయిపోతే ఆ సంగతి తెర మీద చెబుతుంది గాని, దాచుకున్న ఆట చెక్కుచెదరదు. ఒకే వరసలోని ఆటల మధ్య ఇంత తేడా తెచ్చింది ఒక్క చిప్పు ఎంపిక.

ఈ మూడు జబ్బులకూ సామాన్యమైన సంగతి ఒకటుంది. చెడేవి చిన్న భాగాలు, అవి చవక, వాటిని మార్చవచ్చు. నింటెండో మూడు రెక్కల స్క్రూలు బిగించి సామాన్యుల చేతులను దూరం పెట్టాలని చూసినా, ఆ స్క్రూలకు తగిన స్క్రూడ్రైవర్ బజారులోకి రానే వచ్చింది.

లోపలికి వెళ్ళిన బ్యాటరీ

2003 నాటి గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీతో ఈ చరిత్ర మలుపు తిరిగింది. పెన్సిల్ బ్యాటరీల స్థానంలో మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసే లిథియం బ్యాటరీ వచ్చింది. యంత్రం పుస్తకంలా మూసుకోవడంతో తెరకు గీతలు పడే బాధ తప్పింది. బదులుగా కీలు అనే కొత్త బలహీనస్థానం పుట్టింది. 2006 నాటి డీఎస్ లైట్‌లో కుడివైపు కీలు పగలడం దాన్ని వాడిన చాలామందికి అనుభవమే. 2004లో వచ్చిన సోనీ పీఎస్‌పీ బ్యాటరీలు ఏళ్ళు గడిచాక ఉబ్బడం మామూలైంది.

అయినా ఈ తరం యంత్రాలలో బ్యాటరీ ఒక మూత వెనక ఉండేది. ఉబ్బినదాన్ని తీసి కొత్తది పెట్టుకోవచ్చు. 2011లో వచ్చిన పీఎస్ వీటా, 2017లో వచ్చిన నింటెండో స్విచ్ ఆ మూతనే తీసేశాయి. లిథియం బ్యాటరీ వాడినా వాడకపోయినా కాలంతో క్షీణిస్తుంది. ప్రతి యంత్రంలోనూ తప్పకుండా చెడుతుందని ముందే తెలిసిన భాగాన్ని, అందరికన్నా అందనిచోట పెట్టడం ఈ దశ ప్రత్యేకత. యంత్రం పలచగా, అందంగా ఉండాలన్న కోరిక దీనికి ఒక కారణం. ఆ కోరికలో కొనేవారికీ భాగముంది.

స్విచ్ విషయంలో రచ్చకెక్కింది మాత్రం బ్యాటరీ కాదు, దాని ‘జాయ్-కాన్’ల మీది చిన్న పుల్ల. పుల్లను ముట్టుకోకపోయినా ఆటలోని బొమ్మ తనంతట తాను కదిలిపోవడం ఈ జబ్బు లక్షణం. పుల్ల కింద కార్బన్ పూత మీద లోహపు వేళ్ళు రాసుకుంటూ దిశను తెలుపుతాయి. పూత అరిగేకొద్దీ, దుమ్ము చేరేకొద్దీ ఆ సమాచారం తప్పుతుంది. 2019లో అమెరికాలో సామూహిక దావా దాఖలైంది. 2020 జూన్‌లో సంస్థ అధ్యక్షుడు షుంతారో ఫురుకావా వినియోగదారులకు కలిగిన ఇబ్బందికి క్షమాపణ చెప్పారు. 2021 జనవరిలో యూరోపియన్ వినియోగదారుల సంఘాల సమాఖ్య ఐరోపా అధికారులకు ఫిర్యాదు చేస్తూ, తమకు అందిన సుమారు 25,000 ఫిర్యాదులలో 88 శాతం కొన్న రెండేళ్ళలోపు చెడినవేనని పేర్కొంది.

స్క్రూడ్రైవర్ హక్కు

ఇంతవరకు ఇంజనీర్ల చేతిలో ఉన్న ప్రశ్న ఇక్కడితో చట్టసభలకు చేరింది. 2018 ఏప్రిల్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. సీలు చించితే, ఇతరుల విడిభాగాలు వాడితే, వారంటీ పోతుందని కొనేవారిని బెదిరించడం 1975 నాటి వారంటీ చట్టానికి విరుద్ధమని వాటి సారాంశం. ఆ ఆరింటిలో నింటెండో, సోనీ, మైక్రోసాఫ్ట్ ఉన్నాయి.

ఆ తరువాత రాష్ట్రాలు మరమ్మతు హక్కు చట్టాలు చేయసాగాయి. 2024 జూలై నుంచి అమలైన కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఫోన్లు, కంప్యూటర్లు, గృహోపకరణాలు తయారుచేసేవారు విడిభాగాలనూ మరమ్మతు వివరాలనూ న్యాయమైన షరతుల మీద అందుబాటులో ఉంచాలి. కాని అందులో ఆటయంత్రాలకు మినహాయింపు ఉంది. చేతిలో పట్టుకునేవాటికి కూడా. మినెసోటా చట్టంలోనూ ఆటయంత్రాలకు మినహాయింపు ఉంది. లోపలికి దారి ఇస్తే దొంగనకళ్ళు పెరుగుతాయన్నది తయారీదారుల వాదన. నకళ్ళ భయం చిప్పుల విషయంలో అర్థం చేసుకోదగినదే. అరిగిన పుల్లకూ ఉబ్బిన బ్యాటరీకీ దొంగనకలుతో ఉన్న సంబంధం ఏమిటో తేలవలసి ఉంది. బే ఏరియాలో కాపురమున్న కుటుంబానికి పిల్లవాడి ఫోను విషయంలో చట్టం ఇచ్చిన హక్కు, అదే పిల్లవాడి స్విచ్ విషయంలో లేదు.

ఐరోపా దారి వేరు. 2023లో చేసిన బ్యాటరీల నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే పరికరాలలోని చిన్న బ్యాటరీలను, కొద్ది మినహాయింపులతో, బజారులో దొరికే పనిముట్లతో కొన్నవారే తీసి మార్చుకోగలగాలి. 2022లో స్టీమ్ డెక్‌ను తెచ్చిన వాల్వ్ సంస్థ చట్టం అడగకముందే ఐఫిక్సిట్ ద్వారా విడిభాగాలు అమ్మించింది. ఆ యంత్రంలోనూ బ్యాటరీని గట్టి జిగురుతోనే అతికించారన్నది మరోవైపు నిజం.

యొకోయ్ తరం మరమ్మతు హక్కు కోసమని ఏదీ చేయలేదు. వారు వాడిన భాగాలు ఊరూరా దొరికేవి కావడం వల్ల ఆ హక్కు అడగకుండానే వచ్చింది. గేమ్‌బాయ్‌కు కావలసిన పెన్సిల్ బ్యాటరీలు నేటికీ గుంటూరు కిరాణాకొట్టులోనూ దుబాయి సూపర్‌మార్కెట్‌లోనూ దొరుకుతాయి. తరువాతి యంత్రాలలో ఆ సౌలభ్యం రూపకల్పన నుంచి తప్పుకుంది కనుకనే, దాన్ని చట్టం ద్వారా తిరిగి రాబట్టవలసి వస్తోంది. నేటి యంత్రాలలో ఎన్ని ముప్పై ఏళ్ళ తరువాత కూడా నడుస్తాయన్నది, వాటిలో ముందుగా అలసిపోయే భాగాన్ని మార్చే వీలు కొన్నవారికి ఉంటుందా అన్నదాని మీదే ఆధారపడుతుంది.