పట్టా ఎప్పుడిస్తారు?

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు పెద్దలు కుర్రాళ్ళని అడిగే ప్రశ్న ఒకటే. "డిగ్రీ అయిందా? మరి రైల్వే పరీక్ష రాశావా?" ఏం చదివావని అడిగినవాళ్ళు నాకు గుర్తులేరు. వాళ్ళని తప్పుపట్టను లెండి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబాలు. సినిమా కూడా వాళ్ళకి అదే చెప్పింది.

"మిస్సమ్మ" (1955) చూడండి. ఎన్టీఆర్, సావిత్రి ఇద్దరూ బీఏలే. ఉద్యోగానికి మాత్రం చదువుకున్న భార్యాభర్తలు కావాలి. డిగ్రీలు నిజం, పెళ్ళి అబద్ధం. ఆ అబద్ధం లేకపోతే డిగ్రీలకి కూడు లేదు! "ఆకలి రాజ్యం" (1981) నాటికి ఆ నవ్వూ పోయింది. ఢిల్లీ చేరిన పట్టభద్రుడు శ్రీశ్రీ కవిత్వం చదువుతూ ఆకలికి మాడి, చివరికి క్షురకుడిగా బతుకుతాడు. "3 ఇడియట్స్" (2009) లో చదివేది ఒకడు, పట్టా ఇంకొకడికి. మంచి ఊహే. కానీ చదువు గొప్పదని మనల్ని నమ్మించడానికి హీరోకి 400 పేటెంట్లు తగిలించాల్సివచ్చింది.

ఈ మూడింటిలోనూ పట్టాకి ధర కట్టారు, ఎక్కువో తక్కువో.

టీవీలో ఇంకో దారి కనబడింది. 1984 ఆగస్టు 15న యూజీసీ పాఠాలు దూరదర్శన్‌లో మొదలయ్యాయి. ఎక్కువగా ఇంగ్లీషే, అదీ మధ్యాహ్నాలు. డ్యూటీ దిగి కునుకు తీసే ఇళ్ళల్లో ఎవరు చూస్తారు? 1991లో వచ్చిన "టర్నింగ్ పాయింట్" వేరు. ప్రొఫెసర్ యశ్‌పాల్ ప్రేక్షకుల ప్రశ్నలకి నవ్వుతూ జవాబు చెప్పేవారు. చదువంటే అడగడమని మాబోటివాళ్ళకి తెలిసింది అక్కడే.

ఆ పెద్దమనిషే తర్వాత మా రాష్ట్రం మీద సుప్రీంకోర్టుకెక్కారు. 2002లో ఛత్తీస్‌గఢ్ చేసిన చట్టంతో ఒక్క నోటిఫికేషన్ చాలు, ప్రైవేటు విశ్వవిద్యాలయం పుట్టేది. అలా 112 పుట్టాయి. చాలావాటికి భవనాల్లేవు, ఒంటిగదుల్లోనే నడిచేవి. మా వీధిలో ఒకాయన పీఎఫ్ అడ్వాన్సు తీసి కొడుకుని అలాంటి ఒకదాంట్లో చేర్పించాడు. క్లాసులెక్కడ జరుగుతాయని ఆయన అడగలేదు. పట్టా ఎప్పుడిస్తారని అడిగాడు.

2005 ఫిబ్రవరిలో కోర్టు ఆ చట్టంలోని కీలకమైన సెక్షన్లు కొట్టేసింది. పిల్లలు వీధిన పడకుండా ఆ సంస్థల్ని అప్పటికే ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకి అనుబంధించే ఏర్పాటు చూడమంది. మా ఊళ్ళో 1983 నుంచీ గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం ఉంది. భవనాలతో సహా.