తండ్రీ కొడుకులైన ఇద్దరు నిజాములు

ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ పేరు తలిస్తే పాము విషం దిగుతుందని ఒకప్పుడు జనం నమ్మేవారంటే మీకు నవ్వొస్తుందేమో. రెండున్నరేళ్ళ పసివాడుగా 1869లో గద్దెనెక్కి 1911 దాకా ఏలాడు. 1908 మూసీ వరదలో దిక్కులేనివాళ్ళకు తన భవనాల తలుపులు తెరిపించాడు. ఆ మంచిపేరు నిలిచిపోయింది.

కొడుకు ఉస్మాన్ అలీఖాన్ కట్టించినవి ఎన్నో. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1920లో గండిపేట చెరువు. (ఆ చదువు ఉర్దూలోనండోయ్, మన తెలుగులో కాదు.) అయినా సూర్యాపేటలో ఆయన పేరెత్తితే ముందు గుర్తొచ్చేది రజాకార్లే. వాళ్ళకు పగ్గం వెయ్యాల్సింది ఆయనే, వెయ్యలేదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం బెజవాడ బాటన కోదాడ మీదుగా సూర్యాపేట చేరింది. 17న ఆయన లొంగిపోయాడు.

అయితే తండ్రి మంచివాడు, కొడుకు చెడ్డవాడు అనేద్దామా? నాకు మనసొప్పదు. ఇద్దరి ఏలుబడిలోనూ గడి గడే, దొర దొరే. సూర్యాపేట తాలూకా ఎర్రపహాడ్ దేశ్‌ముఖ్ కింద లక్షన్నర ఎకరాలుండేవని చెబుతారు. చాకలి, మంగలి, కుమ్మరి అందరిదీ వెట్టే. చంటిబిడ్డను వదిలి గడిలో వడ్లు దంచడానికి పోయే తల్లికి, పట్నంలో ఏ నవాబుంటే ఏం ఒరిగింది?

పట్నానికి చెరువులు తవ్వించిన ఆ ఏలుబడిలో కృష్ణ నీళ్ళు మన పొలాలకు ఎక్కలేదు. ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. అదే ఏడు ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. మిర్యాలగూడ, కోదాడ మాగాణులు ఎడమ కాలువతో పచ్చబడింది ఆ తర్వాతే.