మియురా - ఓ అందమైన కారూ, దాని మెయింటెనెన్సూ

మన ఫీల్డులో "మెయింటెనెన్స్ ప్రాజెక్ట్" అనగానే చాలామంది మొహం మాడ్చుకుంటారు. కొత్తగా కోడ్ రాసేవాడు హీరో, ఎవడో రాసి వెళ్ళిపోయిన కోడ్‌లో బగ్గులు ఏరుకునేవాడు జీరో! అలాంటివాళ్ళకి నేను చెప్పే కథ ఒకటుంది. లంబోర్గిని మియురా అనే ఇటాలియన్ కారు కథ.

ఫెరుచ్చో లంబోర్గిని ట్రాక్టర్లు అమ్మి డబ్బు గడించిన మనిషి. 1963లో బొలోన్యా దగ్గర సాంతాగాతా అనే ఊళ్ళో కార్ల కంపెనీ పెట్టాడు. ఆయనకి రేసుల మీద ఆసక్తి లేదు. ఆయన దగ్గర పనిచేసే ఇంజనీర్లు దల్లారా, స్టాన్జానీ, టెస్ట్ డ్రైవర్ బాబ్ వాలెస్ మాత్రం రేసు కారు లాంటిది ఒకటి చేసి తీరాలనుకున్నారు. ముగ్గురూ ముప్పై నిండని కుర్రాళ్ళే. డ్యూటీ అయ్యాక సొంతంగా డిజైన్ మొదలెట్టారు. 1965లో టురిన్ షోలో ఉత్త చాసిస్ పెట్టారు. దానికి బాడీ గీసింది బెర్తోనే కంపెనీలోని మార్చెల్లో గాందీనీ. ఆయనకి అప్పటికి 27 ఏళ్ళు.

1966 మార్చిలో జెనీవా షోలో కారు పెడితే జనం ఎగబడ్డారు. తమాషా ఏంటంటే షోలో ఉన్న ఆ కారులో ఇంజనే లేదు! బిగించి చూసే టైము లేక, ఆ చోట బరువులు నింపి తాళం వేసేశారు. బ్యాకెండ్ లేకుండా క్లయింటుకి స్క్రీన్లు చూపించే మనవాళ్ళకి ఇదేం కొత్త కాదు లెండి :)

ఇక అసలు విషయం. 12 సిలిండర్ల ఇంజన్‌ని సీట్ల వెనకాల అడ్డంగా పెట్టారు. అడ్డంగా పెట్టడమనే ఆలోచన 1959లో వచ్చిన బ్రిటిష్ చిన్నకారు మినీ నుంచి వచ్చింది. స్థలం కలిసి రావడానికి ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే పోతలో పోసి, రెంటికీ ఒకే ఆయిల్ పెట్టారు. గేర్లు అరిగి రాలిన ఇనప రజను ఆ ఆయిల్లో పడి ఇంజన్లోకి పోతుంది. ఒక మాడ్యూల్లో తప్పు జరిగితే ఇంకోటి కూలిపోవడమంటే ఇదే. ఈ రెండు ఆయిళ్ళనీ విడదీయడం 1971లో వచ్చిన ఎస్‌వీ మోడల్లో, అదీ చివర్లో తయారైన కార్లలోనే కుదిరింది.

కార్బురేటర్లు కూడా రేసుల కోసం చేసినవి. ట్రాఫిక్‌లో ఆగితే పైన పెట్రోలు నిలిచేది, అంటుకునేది. అలా తగలబడిన మియురాలు కొన్నున్నాయి. పెట్రోలు ట్యాంకు ముందు వైపు ఉండటంతో అది ఖాళీ అయ్యేకొద్దీ స్పీడులో ముందుభాగం తేలిపోయేది. బరువు తగ్గాలని చాసిస్ రేకుకి చిల్లులు పెట్టారు, లోపల పట్టిన తుప్పు పైకి కనపడదు. అంటే కొన్నవాళ్ళే బీటా టెస్టర్లు.

1973లో ఉత్పత్తి ఆగేటప్పటికి తయారైనవి 760 పైచిలుకు. అప్పటికే లంబోర్గిని కంపెనీలో సగానికి పైగా వాటా అమ్మేశాడు, 1974లో మిగతాదీ అమ్మేశాడు. 1978లో కంపెనీ దివాలా తీసింది. ఆ తర్వాత ఎన్నో చేతులు మారి 1998లో ఆడీ చేతికొచ్చింది. పాత కార్ల రికార్డులూ, స్పేర్ పార్టులూ, రిపేర్లూ చూసుకోవడానికంటూ పోలో స్తోరికో అనే విభాగం పెట్టింది 2015లో! మరి మధ్యలో అన్నేళ్ళు ఈ కార్లని నడిపించిందెవరు? ఓపికున్న ఓనర్లూ, పేరు తెలియని మెకానిక్కులూ.

పేరు తెలిసినవాడు ఒకడున్నాడు, ఆ బాబ్ వాలెసే. న్యూజీలాండ్ నుంచి వచ్చిన మెకానిక్. కొత్త కార్లని రోడ్లమీద తోలి, తప్పులు పట్టి, సరిచేయించడం ఆయన పని. 1975లో కంపెనీ వదిలి, తర్వాత అమెరికాలో ఫీనిక్స్ నగరంలో షెడ్డు పెట్టుకున్నాడు. తను పుట్టించిన కార్ల లాంటివాటినే బాగుచేస్తూ బతికాడు, 2013లో అక్కడే పోయాడు.

ఇవ్వాళ మంచి ఎస్‌వీ వేలానికొస్తే 20 లక్షల డాలర్లు దాటుతుంది. కొనేవాళ్ళు మొదట చూసేది ఇంజన్ నంబరూ, చాసిస్ నంబరూ ఫ్యాక్టరీ రికార్డుతో కలుస్తున్నాయా అని. తర్వాత ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చెప్పే బిల్లులు. డాక్యుమెంటేషనూ, చేంజ్ లాగూ అన్నమాట. ముప్పై ఏళ్ళ కిందట ఎవరో విసుక్కోకుండా దాచిన చిన్న రసీదుకి ఇప్పుడు లెక్కుంది.

వైటూకే రోజుల్లో మనవాళ్ళు వేలమంది విమానాలెక్కింది కూడా ఎవరో రాసిన పాత కోబాల్ కోడ్ బాగుచేయడానికే కదా. ఎన్నో ఇళ్ళ అప్పులు తీరింది ఆ పనితోనే. గాందీనీకి రావలసిన పేరు వచ్చింది, రావాలి కూడా. కానీ ఆ గీత ఈ రోజుకీ రోడ్డు మీద కదులుతోందంటే ఆయిల్ మార్చినవాడి పుణ్యమే. ఈసారి మీ టీములో సపోర్ట్ పని చేసేవాడు రాత్రి రెండింటికి లేచి సర్వర్ నిలబెడితే, పొద్దున్న మీటింగులో వాడి పేరు కూడా చెప్పండి.

ఏమంటారు?